8బి కొన్నంత మాత్రాన నీడ పడదు

పెన్సిల్‌తో వేసిన పల్లె దృశ్యాన్ని ఎవరికి చూపించినా మొదట వినపడే మాట ఒకటే: “బావుంది గానీ, నీడలు ఇంకాస్త ముదురుగా వెయ్యాల్సింది.” ఆ మాట పట్టుకుని మనవాళ్లు 8బి పెన్సిల్ తెచ్చుకుంటారు (బి ముందున్న అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా, ముదురుగా ఉంటుంది). చెట్టు కింద, చూరు కింద, గడ్డివాము వెనక బలంకొద్దీ అదిమి రుద్దుతారు. రుద్దాక చూస్తే బొమ్మలోకి ఎండ వచ్చి ఉండదు. నీడలుండాల్సిన చోట నల్లటి మచ్చలు మాత్రం వచ్చి ఉంటాయి. కాగితాన్ని కాస్త వాలిస్తే అవి రేకుముక్కల్లా మెరుస్తాయి కూడా.

ఆ సలహా పూర్తిగా తప్పని అనను. రోగం సరిగ్గానే పట్టుకుని మందు తప్పు రాసినట్టుంటుంది. బొమ్మలో ఎండ లేదన్న మాట నిజం. కానీ చాలా బొమ్మల్లో ఎండ లేకపోవడానికి నలుపు తక్కువ కావడం కారణం కాదు. ఎండలో ఉన్నవీ నీడలో ఉన్నవీ ఒకదాంట్లో ఒకటి కలగాపులగం అయిపోవడం కారణం. ఎండ తగిలే గోడ మీద గచ్చు మరకలన్నీ షేడింగ్ చేస్తాం, అది బూడిదరంగుకి దిగుతుంది. నీడలో ఉన్న తలుపు మీద చెక్క చారలన్నీ కనపడాలని మధ్యలో తెల్లదనం వదుల్తాం, అదీ బూడిదరంగుకే ఎక్కుతుంది. రెండూ నడిమధ్యన కలుసుకుంటాయి. ఇక అక్కడ ఎంత 8బి పోసినా ఏం లాభం?

నా వాదన ఇది. దృశ్యాన్ని మొదట రెండు కుప్పలు చెయ్యాలి. సూర్యుణ్ణి చూస్తున్నవన్నీ ఒక కుప్ప, చూడనివన్నీ ఇంకో కుప్ప. ఒక కుప్పలోని టోన్ (లేత, ముదురు స్థాయి) రెండో కుప్పలోకి దొర్లకూడదు. ఈ పని చేస్తే 4బి దాటాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

కన్ను సర్దిచెప్పే తీరు

రెండు కుప్పలు చెయ్యడం వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. చెయ్యలేకపోవడానికి కారణం మన కన్నే. సున్నం వేసిన గోడ నీడలో ఉన్నా కన్ను దాన్ని “తెలుపు” అనే చెబుతుంది. దున్నిన నల్లరేగడి ఎండలో మండుతున్నా “నలుపు” అనే చెబుతుంది. నిజంగా ఎంత వెలుగు వస్తోందో కన్ను లెక్కగట్టి చెప్పదు. ఆ వస్తువు సొంత రంగేమిటో ఊహించి చెబుతుంది. బతకడానికి అదే మేలు. బొమ్మ గీయడానికే చేటు.

ఫొటోగ్రాఫర్ల పాత లెక్క ఒకటుంది. మంచి ఎండలో కెమెరా లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16 దగ్గర పెట్టేచోట, ఆకాశం కనపడే నీడలో ఎఫ్/5.6 పెట్టాలి. అంటే మూడు స్టాపుల తేడా. ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు, కాబట్టి సుమారు 8 రెట్లు. ఇప్పుడు తనపై పడ్డ వెలుగులో 80 శాతం తిప్పికొట్టే తెల్లగోడని నీడలో పెట్టండి. 10 శాతం మాత్రమే తిప్పికొట్టే నల్లమట్టిని ఎండలో పెట్టండి. 80ని 8తో భాగిస్తే 10. ఆ గోడా ఈ మట్టీ కంటికి పంపే వెలుగు దాదాపు ఒకటే! నీడలోని గోడని కాగితం తెలుపుగా వదిలేసి, ఎండలోని మట్టిని 6బితో నింపేవాళ్లు తమకు తెలిసినదాన్ని గీస్తున్నారు, కనపడుతున్నదాన్ని కాదు. చూపు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో చేసిన చదరంగపు గళ్ల భ్రమ మీరు చూసే ఉంటారు. నీడలోని తెల్లగడీ, వెలుగులోని నల్లగడీ అచ్చంగా ఒకే బూడిదరంగని చెప్పినా నమ్మబుద్ధి కాదు. పల్లె దృశ్యం నిండా అవే గళ్లు.

దీనికి తేలికైన విరుగుడు కళ్లు సగం మూసి చూడటం. రెప్పల మధ్య సన్నటి సందు మిగిలేదాకా మూస్తే చిన్న వివరాలు కరిగిపోయి ముద్దలు మిగులుతాయి. ఇంకో పద్ధతి, అట్టముక్కకి పెన్సిల్ మందాన చిల్లు పొడిచి, ఒక కన్ను మూసి ఆ చిల్లులోంచి గోడని చూడటం, వెంటనే మట్టిని చూడటం. చుట్టుపక్కలవి తెగిపోయేసరికి కన్ను సర్దిచెప్పడం మానేస్తుంది. 18వ శతాబ్దపు దృశ్య చిత్రకారులూ యాత్రికులూ క్లాడ్ గ్లాస్ అని నల్లటి చిన్న అద్దం వెంట తిప్పుకునేవారు. దృశ్యానికి వీపు పెట్టి, ఆ అద్దంలో ప్రతిబింబం చూసి గీసేవారు. టోన్లు కుదించుకుపోయి, ముద్దలు విడివిడిగా తేలేవి. ఆపేసి ఉన్న ఫోన్ తెర కూడా అదే పని చేస్తుంది. కెమెరాగా కాదు, నల్లద్దంగా.

ఇక్కడో అనుమానం

చదువుతున్నవాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికి పట్టుకునే ఉంటారు. “నీడలో తెల్లగోడ, ఎండలో నల్లమట్టి ఒకే టోన్ అన్నావు. మళ్లీ ఎండ కుప్ప టోన్ నీడ కుప్పలోకి పోకూడదంటున్నావు. రెండూ ఎలా కుదురుతాయి?”

కుదరవు. నిజాన్ని కొలిచి గీస్తే కుదరవు. రెండు కుప్పల సూత్రం ప్రకృతి నియమం కాదు, కాగితం కోసం చేసుకున్న ఏర్పాటు. అసలు దృశ్యంలో ఉన్న వెలుగు తేడా అంతా కాగితం మీదికి ఎలాగూ రాదు. మన దగ్గరున్న అతి ప్రకాశం కాగితం తెలుపు. మేఘం అంచూ అదే, నీళ్ల మీది తళుకూ అదే. కాబట్టి ఎక్కడో ఒకచోట కుదించక తప్పదు. కుదించేటప్పుడు దేన్ని కాపాడుకోవాలన్నదే ప్రశ్న. ఒకే పదార్థం ఎండలో ఎలా ఉంది, నీడలో ఎలా ఉంది అన్న తేడాని కాపాడాలి. ఎండ గోడకీ నీడ గోడకీ మధ్య, ఎండ మట్టికీ నీడ మట్టికీ మధ్య దూరం తగ్గకూడదు. గోడకీ మట్టికీ మధ్య దూరం తగ్గితే నష్టం లేదు.

అంకెల్లో చెప్తాను. కాగితం తెలుపు 1, మీ ముదురు పెన్సిల్ అదమకుండా ఇవ్వగల నలుపు 10 అనుకోండి. ఎండలో ఉన్నవాటికి 1 నుంచి 4. నీడలో ఉన్నవాటికి 6 నుంచి 9. 5 ఖాళీ. 10ని దాచుకోండి, పాక లోపలి చీకటికీ తొర్రకీ బండికింద చక్రం నేలని తాకే చోటికీ అది కావాలి. తెల్లగోడ ఎండలో 1, నీడలో 6. నల్లమట్టి ఎండలో 4, నీడలో 9. మట్టి ఇంత లేతగా ఉండదే అనిపిస్తుంది, ఉండదు కూడా. పక్కనే 9 పడ్డాక ఆ 4 ఎండలో ఎండిన మట్టిలాగే కనపడుతుంది. ఇందుకు ఒప్పుకోలేనివాళ్లు గోడా మట్టీ ఒకదాన్నొకటి తాకని కోణం ఎంచుకోవచ్చు. పోటీ తప్పుతుంది.

ఈ మెట్లు మనసులో ఉంటే చాలదు, కాగితం అంచున గీసి పెట్టుకోవాలి. ఒక్కో గడి సెంటీమీటరు చాలు. మొదట 1, 10 వేసి, తర్వాత నడిమి గడి వేసి, మిగతావి వాటి మధ్య సర్దాలి. వరసగా 1, 2, 3 అని వేసుకుంటూ పోతే 6 దగ్గరికొచ్చేసరికి నలుపు అయిపోయి చివరి నాలుగూ ఒకేలా ఉంటాయి.

నీడలు విడివిడిగా ఉండవు

రెండో తప్పు ఇంకా పెద్దది. చెట్టుకో నీడ, కంచెకో నీడ, గుడిసెకో నీడ అని దేనిది దానికి విడిగా వేస్తాం. చెట్టు మానుకి నీడవైపు షేడ్ చేసి, గీతతో మూసేసి, నేలమీది నీడని ఇంకో ముక్కగా మొదలుపెడతాం. నిజానికి మాను మీది నీడ వేరు దగ్గర జారి నేలమీది నీడలో కలుస్తుంది, అది పోయి పొదలో కలుస్తుంది, పొద గోడ నీడలో కలుస్తుంది. ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా పెన్సిల్ ఎత్తకుండా పోగలిగినంత పొడవుగా ఉంటుంది ఆ ముద్ద. ఆ ముద్ద ఆకారమే బొమ్మ. దాని మధ్య మిగిలిన తెల్లటి ఆకారాలే ఎండ.

అందుకే అసలు బొమ్మకి ముందు చిన్న నమూనాలు వెయ్యాలి. 5 సెంటీమీటర్లకి 7 సెంటీమీటర్ల గడి, ఒక్క 4బి, మొన కాకుండా ప్రక్క వాడాలి. కాగితం తెలుపు, ఒకే బూడిద, ఇంతే. ఆకులు, పెంకులు, గడ్డిపోచలు ఏవీ వద్దు. రెండు నిమిషాలకొకటి చొప్పున నాలుగైదు వేస్తే ఏ కోణంలో నీడలు కలుస్తున్నాయో, ఎక్కడ చితికి ముక్కలవుతున్నాయో తెలిసిపోతుంది. రెండు టోన్లలో చూసి “ఇది ఎండ” అనిపించనిది, పది టోన్లు వేసినా అనిపించదు. ఈ మాట మీద నేను రాజీపడను.

అసలు బొమ్మలోనూ అదే వరస. హెచ్‌బితో తేలికగా హద్దులు గీయాలి. వస్తువుల హద్దులు సగం, నీడల హద్దులు సగం. తర్వాత 2బితో నీడ ముద్ద మొత్తం 6వ మెట్టు దగ్గర చదునుగా నింపాలి. చెట్టు నీడలో ఉన్న గోడ అయినా, గోడ నీడలో ఉన్న మట్టి అయినా ఒకే దిశ గీతలు, ఒకే ఒత్తిడి. వస్తువుల అంచుల మీదుగా దాటిపోవాలి. ఈ దశలో బొమ్మ ఘోరంగా కనపడుతుంది. చాలామంది ఇక్కడే భయపడి ఆకులు గీయడం మొదలుపెడతారు. ఓపిక పట్టి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే అప్పటికే ఎండ కొడుతుంటుంది. ఆ తర్వాతే నీడ లోపల ముదర్చాల్సినవి 7కీ 8కీ 9కీ ముదర్చాలి, ఎండ లోపల 2, 3, 4 వెయ్యాలి. నీడలో వివరం ఎండలో వివరానికి సగమైనా ఉండకూడదు. తలుపుకి పది చెక్కలుంటే రెండు చెక్కల సందు గీస్తే చాలు, మిగతా ఎనిమిదీ చూసేవాళ్లే గీసుకుంటారు.

అదిమితే ఎందుకు మెరుస్తుంది

పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ అంటే పొరలు పొరలుగా ఉండే కర్బనం. పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ కాబట్టే కాగితం మీద రాలుతుంది. రాలినవి పలచటి పలకలు. తేలికగా గీస్తే కాగితం గరుకులో అడ్డదిడ్డంగా ఇరుక్కుంటాయి, వెలుగుని అన్ని వైపులకీ చెదరగొడతాయి, నల్లగా కనపడతాయి. గట్టిగా అదిమితే అవన్నీ ఒకేవైపు పడుకుంటాయి, అద్దంలా ఒకే దిక్కుకి వెలుగు తిప్పుతాయి. కాబట్టి ఒక హద్దు దాటాక ఎంత అదిమితే అంత తెల్లబడుతుంది. బొమ్మని గోడకి తగిలించి పక్కకి నిలబడితే నీడలు ఎండకన్నా ప్రకాశంగా కనపడటం ఇందుకే.

1795లో ఫ్రాన్స్‌కి చెందిన కోంటే గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతి పెట్టాడు. మట్టి పెరిగితే గట్టి హెచ్‌లు, గ్రాఫైట్ పెరిగితే మెత్తటి బిలు. అంటే 8బిలో మెరిసే సరుకే ఎక్కువ. నలుపు కోసం దాని దగ్గరికి వెళ్లడంలో ఉన్న చిక్కు అర్థమైందిగా. డచ్ చిత్రకారుడు వాన్ గో హేగ్‌లో ఉన్న రోజుల్లో (1882–83) వడ్రంగి పెన్సిల్‌తో గీసిన బొమ్మల మీద నీళ్లు కలిపిన పాలు పోసేవాడు, మెరుపు చచ్చి నలుపు నిలవడానికి. ఇప్పుడు పాలు అక్కర్లేదు, మసిలాంటి కర్బనం కలిపిన, మెరవని (మ్యాట్) పెన్సిళ్లు దొరుకుతున్నాయి. వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, 10వ మెట్టుకి వాడుకోవచ్చు. కానీ బొమ్మంతా వాడితే తేలిగ్గా చెరగవు, గ్రాఫైట్ పక్కన వాటి నలుపు అతికించినట్టు వేరుగా కనపడుతుంది.

అదమకుండా ముదర్చాలంటే పొరలు వెయ్యాలి. మొదటి పొర 2బి, ఒకే వాలు. రెండో పొర 4బి, మొదటి వాలుకి 20, 30 డిగ్రీల తేడాతో. నిలువుకి అడ్డం గీస్తే గళ్ల చొక్కా గుడ్డలా అవుతుంది. మూడో పొరకి పదునైన హెచ్‌బితో, బరువు వెయ్యకుండా, కాగితం గుంటల్లో మిగిలిన తెల్ల చుక్కల్లో కొన్నింటిని మాత్రం ముయ్యాలి. వరస తిరగెయ్యకూడదు. 2హెచ్‌తో మొదలుపెడితే దాని గట్టి మొన కాగితం గరుకుని అణిచేస్తుంది, పైన 4బి వేస్తే పట్టదు, జారుతుంది. ఇంకా ఘోరం, హెచ్ పెన్సిల్ గాళ్లు చేస్తుంది. తర్వాత మెత్త పెన్సిల్ రుద్దినప్పుడు ఆ గాళ్లు తెల్లగీతలై తేలతాయి. ముందు గీసి చెరిపేసిన తప్పు చెట్టు నీడ మధ్యలో దెయ్యంలా లేస్తుంది.

ఇదే తప్పుని కావాలని చేస్తే ఉపయోగం. చీకటి పొద ముందు ఎండ తగిలే గడ్డిపోచలు కావాలంటే, షేడింగ్‌కి ముందే మొండి సూదితో ఖాళీ కాగితం మీద పోచలు అదిమి, తర్వాత పెన్సిల్ ప్రక్కతో పైన పోవాలి. పదీ పదిహేను పోచలు చాలు. ఎక్కువైతే దువ్విన జుట్టులా తయారవుతుంది.

స్టంప్‌తో (కాగితం చుట్టి చేసిన రుద్దుడు పుల్లతో), వేలితో రుద్దడం మీద నాకు చాలా చిరాకు. నునుపు వస్తుంది, నిజమే. కానీ నీడకి గాలి పోసేది గుంటల్లో మిగిలే ఆ తెల్ల చుక్కలే. అవి పూడిపోతే మిగిలేది సిమెంటు పూత. పైగా వేలి జిడ్డు కాగితానికి అంటితే అక్కడ గ్రాఫైట్ మచ్చలుగా పట్టుకుంటుంది, రబ్బరుకి లొంగదు. పొగమంచుకీ దూరపు కొండకీ స్టంప్ సరే. దగ్గరి నీడకి వద్దు.

కాగితం మధ్యరకం గరుకుది, 160 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మందం ఉండాలి. మరీ నున్నటి దాంట్లో మూడో పొర పట్టదు, మరీ గరుకుదాంట్లో చిన్న బొమ్మకి అంచులు తేలవు.

ఇంత యాతన దేనికి, బొగ్గు వాడితే పోలా అని అడగొచ్చు. పెద్ద కాగితానికి బొగ్గే మేలు, ఒప్పుకుంటాను. కానీ చేతి పుస్తకంలో, పొలం గట్టు మీద కూర్చుని, అరంగుళంలో తలుపూ దాని పక్కన నీడా రెండూ పెట్టాలంటే గ్రాఫైట్‌కి సాటి లేదు. ఇంగ్లండ్ దృశ్య చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1813, 1814 సంవత్సరాల్లో వాడిన రెండు స్కెచ్ పుస్తకాలు అరచేతిలో ఇమిడేవే. ఆ పెన్సిల్ గీతల్లో చెట్లూ పొలాలూ వెలుగూ అన్నీ పట్టాయి. గ్రాఫైట్‌తో బాధ మొదలయ్యేది దాన్ని ఏ2 లాంటి పెద్ద కాగితం మీద నలుపు కక్కమన్నప్పుడే.

సూర్యుడు మన కోసం ఆగడు

ఆకాశంలో సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. మధ్యాహ్నం అయితే దీన్ని పట్టించుకోకపోయినా గడుస్తుంది. సాయంత్రం అలా కాదు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ వస్తువంత పొడవు. 30 డిగ్రీల దగ్గర 1.7 రెట్లు. 20 దగ్గర 2.7 రెట్లు. 10 దగ్గర 5.7 రెట్లు. సూర్యుడు నిట్టనిలువుగా దిగేచోట 20 నుంచి 10కి రావడానికి 40 నిమిషాలు పడుతుంది. ఆ 40 నిమిషాల్లో నీడ రెండింతలు దాటిందన్నమాట.

ఎండలో కూర్చుని గీసేవాళ్ల బొమ్మల్లో తరచూ జరిగేది చూడండి. కుడివైపు చెట్టు మొదట గీస్తారు, దాని నీడతో సహా. అరగంట పోయాక మధ్యలో పాక, గంట పోయాక ఎడమవైపు కంచె. కుడి చెట్టు నీడ పొట్టిగా, కంచె నీడ పొడుగ్గా, రెండూ వేర్వేరు దిక్కులకి. ఆ పల్లెకి ఇద్దరు సూర్యులు. తప్పెక్కడుందో చూసేవాళ్లు చెప్పలేరు, ఎండ నమ్మశక్యంగా లేదని మాత్రం అనిపిస్తుంది. మళ్లీ అదే సలహా వస్తుంది, నీడలు ముదర్చమని!

కాబట్టి కూర్చున్న మొదటి 15 నిమిషాల్లో నీడల హద్దులన్నీ గీసెయ్యాలి, వస్తువులు సగమే అయినా సరే. కాగితం మూల టైమూ, వెలుగు వచ్చే దిక్కుకి బాణం గుర్తూ వేసుకోవాలి. తర్వాత దృశ్యంలో నీడలు ఎంత అందంగా మారినా వాటి వెంట పోకూడదు. అందం మరీ లాగుతుంటే కొత్త కాగితం తియ్యండి.

జ్ఞాపకం నుంచో ఊహ నుంచో వేసేవాళ్లు నీడ దిక్కుని లెక్కతో కట్టుకోవచ్చు. సూర్యుడు పక్కనుంచి వస్తే పని తేలిక, చదును నేల మీద నీడలన్నీ అడ్డంగా సమాంతరంగా పోతాయి. సూర్యుడు ఎదురుగా బొమ్మలోనే ఉంటే, సూర్యుడి నుంచి కంటి మట్టపు గీత మీదికి నిలువుగా దిగండి. ఆ చుక్క నుంచి చెట్టు మొదలు మీదుగా గీసిన గీత నీడ దారి. సూర్యుడి నుంచి చెట్టు కొస మీదుగా గీసిన గీత ఆ దారిని ఎక్కడ తాకితే నీడ అక్కడిదాకా. నీడలు మనవైపు విసనకర్రలా విచ్చుకుంటాయి. సూర్యుడు వెనక ఉంటే దీనికి తలకిందులు, నీడలు దూరంగా పోతూ కంటి మట్టం మీద ఒక బిందువు వైపు కూడుకుంటాయి. వరస చెట్ల నీడల్ని ఈ రెండు సందర్భాల్లోనూ సమాంతరంగా గీసేయడం అందరూ చేసే పొరపాటే.

నేల చదునుగా లేకపోతే అదృష్టం అనుకోవాలి. బండిబాట గాడిలోకి నీడ దిగి లేస్తుంది, నాగటి చాళ్ల మీద మెలికలు తిరుగుతుంది, గోడ తగిలితే నిలువుగా ఎక్కుతుంది. నేల ఆకారం చెప్పడానికి వేరే షేడింగ్ అక్కర్లేదు, దాని మీద పాకిన నీడే చెబుతుంది.

అంచు ఎక్కడ పదును, ఎక్కడ మసక

నలుపు గురించి ఇంత బెంగపడే మనం అంచు గురించి పట్టించుకోం. ఎండని నమ్మించేది నిజానికి అంచే. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల నీడ అంచు దూరంతో మసకబారుతుంది. ఎంత అన్నదానికి లెక్కుంది, అడ్డుపడే వస్తువు నుంచి నీడదాకా ఉన్న దూరంలో 108వ వంతు. ఆ ప్రకారం 2 మీటర్ల కంచె గుంజ నీడ మొదట్లో కత్తిలా ఉంటుంది. సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉంటే, గుంజ కొసకీ దాని నీడ కొసకీ దూరం దాదాపు 6 మీటర్లు, కాబట్టి అక్కడ పక్కల మసక 5 సెంటీమీటర్లకి పైనే. గుంజ నీడని మొదటినుంచి కొసదాకా స్కేలు పెట్టినట్టు గీస్తే అది నేల మీద పడుకోదు, నేల మీద పరిచిన కర్రలా ఉంటుంది. మొదట్లో పదునైన మొన, కొసకి పోయేకొద్దీ పెన్సిల్ని వాల్చి ప్రక్క వాడటం, ఇంతే కిటుకు. 10 మీటర్ల ఎత్తున్న సన్నటి కరెంటు తీగకైతే మసక 9 సెంటీమీటర్లు, తీగ మందం దాంట్లో ఏ మూలకి? అసలు నీడే గీయకండి.

చెట్టు కింద ఎండ చుక్కలదీ ఇదే లెక్క. ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా, చిన్న సందులోంచి దిగిన వెలుగు గుండ్రటి చుక్కగానే పడుతుంది, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. (సూర్యగ్రహణం రోజు ఆ చుక్కలన్నీ నెలవంకలైపోతాయి.) సందు 10 మీటర్ల పైనుంటే చుక్క 9 సెంటీమీటర్లు. సూర్యుడు వాలి ఉంటే అది కోడిగుడ్డులా సాగుతుంది, అన్నీ ఒకే దిక్కుకి సాగుతాయి. వాటిని ఆకు ఆకారాల్లోనో నక్షత్రాల్లానో వదిలితే చిల్లులు పడ్డ దుప్పటిలా ఉంటుంది నీడ. ముందే వదిలిపెట్టడం కన్నా నీడంతా నింపి, నీడెడ్ రబ్బరుని (పిండిలా పిసకగలిగే మెత్తటి రబ్బరు) మొన చేసి అద్ది తియ్యడం మంచిది, అంచు దానంతటదే మసకగా వస్తుంది. దాని పేరులో నీడ ఉంది గానీ చేసే పని వెలుగు తియ్యడం. రుద్దకూడదు, అద్ది ఎత్తాలి, ప్రతి రెండు చుక్కలకీ పిసికి కొత్త ముఖం తిప్పాలి. చుక్కలు నీడ అంచు దగ్గర గుంపులుగా, లోపలికి పోయేకొద్దీ అరుదుగా ఉండాలి. సమానంగా చల్లితే అచ్చు గుడ్డ అవుతుంది.

చెట్టు, చూరు, నీళ్లు

చెట్టు ముద్దలోంచి కనపడే ఆకాశపు సందుల్ని బయటి ఆకాశమంత తెల్లగా వదలొద్దు. ఆ సందుల్లో కంటికి విడిగా ఆనని కొమ్మలూ ఆకుల అంచులూ ఉంటాయి, అవి ఆ తెలుపుని ఒక మెట్టు దించుతాయి. సందు ఎంత చిన్నదైతే అంత ముదురు.

చూరు కింద ఎప్పుడూ 10 వేసేస్తాం, అది పొరపాటు. ముందు ఎండలో కాలుతున్న నేల ఉంటే ఆ వెలుగు పైకి తన్ని చూరు అడుగుకి తగులుతుంది. చూరుకీ గోడకీ అతుకు దగ్గర ముదురు, చూరు అంచుకి వచ్చేసరికి లేత. గోడ మీది నీడ కూడా పైన ముదురు, కింద కాస్త లేత. అయితే తన్నిన వెలుగు ఎంత ఉన్నా అది నీడ కుప్పలోదే, 6 కన్నా లేత కాకూడదు. దీన్ని చూసి మురిసిపోయి 4కి తెచ్చేవాళ్లున్నారు. అప్పుడు ఇల్లు ఇల్లంతా కాగితం లాంతరులా వెలుగుతుంది.

నీళ్లలో రెండు వేరువేరు సంగతులున్నాయి, నీడ ఒకటి, ప్రతిబింబం ఒకటి. తేటనీళ్ల పైతలం మీద నీడ దాదాపు పడదు, బురదనీళ్ల మీద పడుతుంది. ప్రతిబింబంలో ముదురువి కొంచెం లేతగా, లేతవి కొంచెం ముదురుగా వస్తాయి. ఒక్కో మెట్టు తేడా చాలు.

దూరానికీ ఒక మాట. మధ్యలో ఉన్న గాలి తన వెలుగుని కలుపుతూ పోతుంది, ఆ కలిసిన వెలుగు ముందు నీడల్లోనే కనపడుతుంది. కాబట్టి దూరపు నీడ 6 నుంచి 5కి, 4కి, 3కి జారుతుంది, దూరపు ఎండ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. 5ని ముట్టుకోవద్దన్న నా సూత్రం దగ్గరి పొలం దాటాక చెల్లదు. మబ్బు పట్టిన రోజైతే అసలే చెల్లదు. ఆ రోజు నీడలు పడవు కాబట్టి కుప్పలు ఉండవు. ఆకాశం లేత, దాన్ని చూసే నేల తర్వాత, వాలు కొండ ఆ తర్వాత, నిలువు చెట్టు అన్నిటికన్నా ముదురు అన్న వరస మీద నడవాలి. వస్తువు నేలని తాకే సన్నటి గీత దగ్గర మాత్రం చీకటి మిగులుతుంది, అది లేకపోతే గుడిసె గాల్లో తేలుతుంది.

ఫొటో చూసి వేసేవాళ్లకి ఈ బాధలేమీ ఉండవనుకుంటే పొరపాటు. ఇప్పటి ఫోన్లు వెలుగు ఎక్కువ తక్కువలతో తీసిన నాలుగైదు ఫొటోలు (ఎక్స్‌పోజర్లు) కలిపి నీడల్ని పైకి లేపుతాయి. తెర మీద అన్నీ కనపడతాయి, ఎండకీ నీడకీ ఉన్న ఎడం మాత్రం సగం పోయి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించితే కాగితం మీద బూడిద తప్ప ఏమీ దిగదు. ఫొటోని ఆకారాలకి వాడుకోండి, టోన్లు మాత్రం పైన చెప్పిన మెట్ల ప్రకారం మీరే వెయ్యండి.

ఇక ఆఖరున ఫిక్సటివ్, అంటే పెన్సిల్ పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే. 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆరనిస్తూ రెండు మూడు పలచటి పూతలు. దగ్గరగా ఒకేసారి తడిపితే చుక్కలు కట్టి మచ్చలు పడతాయి, ఆ తర్వాత రబ్బరు పనిచెయ్యదు. మెరుపు కొంత తగ్గుతుంది, దాంతోపాటు నీడలు కూడా కాస్త ముదురుతాయి. అందుకని పెన్సిల్‌తో చివరి పొర వేసేటప్పుడే 9 అనుకున్నచోట అర మెట్టు తక్కువలో ఆపెయ్యండి.